పాత డెంగీ, కొత్త జికా, పద్నాలుగో వారం

ఆమెను నేను మొదటిసారి చూసేసరికి కేస్ షీట్ మీద "డెంగీ, రెండోసారి" అని రాసి ఉంది. రాసింది మా వార్డు వాళ్లే. జ్వరం మొదలై అది ఏడో రోజు. తొలి కాన్పు. గర్భం 14 వారాల 4 రోజులు. మంచం పక్కన నిలబడి ఆమె కళ్లలోకి చూశాక ఆ మాట నాకు సరిపోలేదు. రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి. పుసి లేదు, నీరు కారడం లేదు. ఒంటి మీద దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి గానీ ఆమె ఇంకా మోచేతులు గోక్కుంటూనే ఉంది. చెవుల వెనక బిళ్లలు తగిలాయి. ఇవన్నీ కలిస్తే డెంగీ కన్నా జికా అనిపించింది. అదీ దోమతో వచ్చే వైరసే, గర్భంలో సోకితే బిడ్డ మెదడును దెబ్బతీయగలదు.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఎవరో గుర్తుపట్టే సంగతులన్నీ తీసేశాను.

మొదటి వారం జరిగింది ఇది. 13 వారాల 5 రోజులకు జ్వరం మొదలైంది. 38.2 డిగ్రీలు దాటలేదు. రెండో రోజుకి ముఖం నుంచి కిందికి దద్దుర్లు, విపరీతమైన దురద, వేళ్ల కీళ్లలో నొప్పులు. మూడో రోజు ఆసుపత్రికి వచ్చింది. ఆరేళ్ల క్రితం డెంగీతో వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నట్టు, అప్పట్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినట్టు ఆమే చెప్పింది. ఆ సీజన్‌లో డెంగీ కేసులు వరసగా వస్తున్నాయి కాబట్టి డెంగీ కిట్ పెట్టారు. ఎన్ఎస్1, అంటే రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్, నెగెటివ్. ఐజీఎం, అంటే జబ్బు కొత్తలో పుట్టే యాంటీబాడీ, సన్నగా పాజిటివ్. ఐజీజీ, అంటే తర్వాత పుట్టి ఏళ్లపాటు నిలిచే యాంటీబాడీ, గట్టిగా పాజిటివ్. ఇంకేం, పాత డెంగీ ఉన్న మనిషికి మళ్లీ డెంగీ అనుకున్నారు. రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్లు లెక్కపెట్టారు. అవి 1,72,000 నుంచి 1,61,000 దాకా వచ్చి అక్కడే నిలిచాయి. రక్తం చిక్కబడలేదు. కడుపులో నొప్పి లేదు, ఎక్కడా రక్తస్రావం లేదు. ఆమె త్వరగా కోలుకుంటోందని అందరూ సంతోషించారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో విడమరచి చెప్పాలి. డెంగీ, జికా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్, ఎల్లో ఫీవర్ అన్నీ ఫ్లేవీవైరస్‌లు, ఒకే కుటుంబం. వాటి పై తొడుగు ప్రొటీన్లు ఎంత దగ్గర పోలికలో ఉంటాయంటే, ఒకదాని కోసం పుట్టిన యాంటీబాడీ మరొకదాన్నీ పట్టుకుంటుంది. జికా వచ్చిన మనిషి రక్తం డెంగీ ఐజీఎం కిట్ మీద గీత చూపించవచ్చు. ఇంతకుముందు డెంగీ వచ్చిన మనిషికి జికా సోకితే శరీరం కొత్త యాంటీబాడీలు తయారుచేసుకునే లోపే పాత డెంగీ జ్ఞాపక కణాలు మేల్కొని డెంగీ ఐజీజీని కుమ్మరిస్తాయి. మూడో రోజుకే ఐజీజీ అంత గట్టిగా ఉందంటే, ఈ శరీరం ఈ కుటుంబంలో ఏదో ఒక వైరస్‌ను ఇంతకుముందే చూసిందని అర్థం. ఇప్పుడు ఏది వచ్చిందో దాన్నిబట్టి చెప్పలేం.

మూడో రోజు తీసిన సీరం ఇంకా ఫ్రీజర్‌లో ఉండటం మా అదృష్టం. దాన్నీ, ఏడో రోజు మూత్రాన్నీ వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్షకి పంపాం. డెంగీ నాలుగు రకాలకూ నెగెటివ్. జికాకి రెండు నమూనాలూ పాజిటివ్.

మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం తీసి, జత నమూనాల మీద పీఆర్ఎన్‌టీ చేయించాం. యాంటీబాడీ వైరస్‌ను నిజంగా నిర్వీర్యం చేస్తోందా లేదా అని కణాల మీద చూసే పరీక్ష ఇది. ఫ్లేవీవైరస్‌లలో దీన్నే ఆఖరి తీర్పుగా చూస్తారు. సీరంను ఎన్ని రెట్లు పల్చన చేసినా పనిచేస్తుందో చెప్పేదే ఇందులోని అంకె, అది పెద్దదైతే యాంటీబాడీ ఎక్కువని అర్థం. మొదటి నమూనాలో డెంగీ టైప్ 2 మీద 1:640, జికా మీద 1:20. రెండో నమూనాలో డెంగీ టైప్ 2 మీద 1:2560, జికా మీద 1:1280. ఏ వైరస్‌దో తేల్చాలంటే రెండింటి మధ్య కనీసం నాలుగు రెట్ల తేడా కావాలి. ఇక్కడ ఉన్నది రెండు రెట్లే, అదీ డెంగీ వైపు. జికా వచ్చిన మనిషి రక్తంలో జికా కన్నా డెంగీ యాంటీబాడీయే ఎక్కువగా ఉంది. శరీరం మొదట చూసిన శత్రువునే గుర్తుపెట్టుకుని, కొత్తగా ఏది వచ్చినా పాత పేరుతోనే పిలుస్తుంది. ఆ నిల్వ సీరం పారేసి ఉంటే, మూత్రం పంపకపోయి ఉంటే, ఈ బిడ్డ తల చుట్టుకొలతను ప్రత్యేకంగా ఎవరూ కొలిచేవారు కాదు. తల్లికి పాత డెంగీ ఉంటే దాని వల్ల రుజువైన మొదటి నష్టం ఇదే: అది రోగ నిర్ధారణను మసకబారుస్తుంది. మిగతా నష్టాల గురించి ఎంత వాదన నడుస్తున్నా, దీని మీద మాత్రం నాకు సందేహం లేదు.

ఆమె అడిగిన ప్రశ్న

జికా అని చెప్పిన రోజు సాయంత్రం ఆమె ఒక్కతే వచ్చి కూర్చుంది. భర్త బయట ఫోన్‌లో ఉన్నాడు. "డాక్టర్ గారూ, ఒక్క మాట దాచకుండా చెప్పండి. ఇంతకుముందు డెంగీ వచ్చినవాళ్లకి జికా వస్తే బిడ్డకి ఇంకా ఎక్కువ దెబ్బట గదా? ఆ డెంగీ రాకపోయి ఉంటే బాగుండేదా?" అంది.

ఈ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు. 1960లలో బ్యాంకాక్‌లో స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్య పరిశోధకుడు ఒక విషయం గమనించాడు. తీవ్రమైన డెంగీ రెండు గుంపుల పిల్లల్లో ఎక్కువగా కనబడింది: రెండోసారి డెంగీ వచ్చినవాళ్లు, డెంగీ చూసిన తల్లులకు పుట్టి ఏడాది నిండని పసివాళ్లు. రెండో గుంపుకి అది మొదటి డెంగీయే, కానీ వాళ్ల ఒంట్లో తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఉన్నాయి. యాంటీబాడీ వైరస్‌ను పట్టుకుని, చంపలేనంత బలహీనంగా ఉంటే, ఆ జంటను తెల్ల రక్తకణాలు తమ గ్రాహకాలతో లోపలికి లాగేసుకుంటాయి. వైరస్‌కి కావలసిందే అది, ఆ కణాల్లోనే అది పెరుగుతుంది. కాపలావాడే దొంగకి తలుపు తీసినట్టు. 2017లో నికరాగ్వా పిల్లల మీద వచ్చిన అధ్యయనం దీన్ని మనుషుల్లో కొలిచి చూపించింది. డెంగీ యాంటీబాడీ 1:21 నుంచి 1:80 మధ్య ఉన్న పిల్లలకే తీవ్ర డెంగీ ముప్పు ఎక్కువ. అసలు లేనివాళ్లకీ, బాగా ఎక్కువ ఉన్నవాళ్లకీ ఆ ముప్పు తక్కువ.

2015లో బ్రెజిల్‌లో చిన్న తలతో బిడ్డలు పుట్టడం మొదలైనప్పుడు అందరికీ ఈ పాత సిద్ధాంతమే గుర్తొచ్చింది. డెంగీ బాగా తిరిగిన నేల అది. అంతకుముందు 1947లో ఉగాండాలో కోతిలో దొరికిన నాటి నుంచి, 2007లో పసిఫిక్ సముద్రంలోని యాప్ దీవిలో వ్యాపించిన దాకా, జికాను ఎవరూ పెద్ద జబ్బుగా ఎంచలేదు. ఇప్పుడే ఇలా ఎందుకు చేస్తోంది? పాత డెంగీ దానికి బలం ఇస్తోందా? ప్రయోగశాలలో చూస్తే అవుననే అనిపించింది. డెంగీ వచ్చినవాళ్ల సీరం కలిపితే పాత్రలోని కణాల్లో జికా రెట్టింపులు రెట్టింపులుగా పెరిగింది. మాయలో (ప్లసెంటాలో) ఉండే హాఫ్‌బాయర్ కణాలు, అంటే పిండం వైపున్న మాక్రోఫేజ్‌లు (వైరస్‌లను మింగే రక్షక కణాలు), డెంగీ యాంటీబాడీ తోడుంటే జికాను మరింతగా పట్టుకున్నాయి. డెంగీ నిరోధకత ఉన్న గర్భిణి ఎలుకల్లో మాయ ఎక్కువ దెబ్బతిన్నదని, పిండానికి వైరస్ ఎక్కువ చేరిందని కొన్ని బృందాలు చూపించాయి.

కానీ ఎలుకల్లోనే వేరే కథ కూడా ఉంది. డెంగీ చూసిన తల్లి ఎలుకలోని టీ కణాలు (వైరస్ సోకిన కణాలను వెతికి చంపే తెల్ల రక్తకణాలు), ముఖ్యంగా సీడీ8 రకం, జికా నుంచి పిండాన్ని కాపాడాయని మరో బృందం చూపించింది. యాంటీబాడీలు వైరస్ తొడుగును చూస్తే, టీ కణాలు లోపలి ప్రొటీన్లను కూడా చూస్తాయి. అక్కడ డెంగీకీ జికాకీ పోలిక ఇంకా ఎక్కువ. ఒకే పాత డెంగీ, ఒకే తల్లి, రోగనిరోధక వ్యవస్థలోని రెండు చేతులు రెండు వైపులా లాగుతున్నాయన్నమాట.

మనుషుల దగ్గరికి వస్తే బొమ్మ చాలావరకు మారిపోతుంది. బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో పావ్ ద లీమా బస్తీలో 1,453 మందిని అనుసరించారు. వాళ్లలో 73 శాతం మందికి జికా సోకింది. డెంగీ యాంటీబాడీలు ఎంత ఎక్కువ ఉంటే జికా సోకే అవకాశం అంత తక్కువగా కనబడింది. అయితే ఐజీజీ3 అనే ఉపరకం ఎక్కువ ఉన్నవాళ్లలో మాత్రం ముప్పు పెరిగింది. నికరాగ్వా రాజధాని మనాగ్వా పిల్లల్లో ఇంతకుముందు డెంగీ వచ్చినవాళ్లకి జికా లక్షణాలు బయటపడటం మూడో వంతుకు పైగా తగ్గింది. అసలు ప్రశ్న గర్భిణులది. రియో డి జనీరోలో పీసీఆర్‌తో జికా నిర్ధారణ అయిన 131 మంది గర్భిణులను చూశారు. తల్లి జబ్బు తీవ్రతకూ, వైరస్ మోతాదుకూ, పాత డెంగీ యాంటీబాడీలకూ బిడ్డ స్థితితో సంబంధం కనబడలేదు. సాల్వడార్ తల్లుల్లోనే చేసిన మరో పోలికలో, ఒకటి కన్నా ఎక్కువ రకాల డెంగీ చూసిన తల్లులకు జికా దెబ్బ తిన్న బిడ్డలు పుట్టడం తక్కువగా ఉంది.

ఇదంతా ఆ సాయంత్రం ఆమెకు చెప్పలేదు. చెప్పింది రెండు మాటలే. "పాత డెంగీ వల్ల మీ బిడ్డకి ఎక్కువ దెబ్బ తగులుతుందని గర్భిణుల్లో ఎవరూ చూపించలేకపోయారమ్మా. అది కాపాడుతుందని నేను మాట ఇవ్వలేను గానీ, దాని గురించి మీరు నిద్ర పోగొట్టుకోవద్దు."

అంకె చెప్పక తప్పలేదు. అమెరికా ఖండాల వైపున్న ఫ్రెంచ్ ప్రాంతాలు మార్టినిక్, గ్వాడెలూప్, ఫ్రెంచ్ గయానాల గర్భిణుల్లో చేసిన అధ్యయనంలో, జికా నిర్ధారణ అయినవాళ్ల పిండాల్లో, శిశువుల్లో 100కి 7 మందికి నరాల లేదా కంటి లోపాలు కనబడ్డాయి. మొదటి మూడు నెలల్లో సోకితే 12.7 శాతం, తర్వాతి మూడు నెలల్లో 3.6, చివరి మూడు నెలల్లో 5.3. ఆమె సరిగ్గా మొదటి రెండింటి మధ్య గట్టు మీద ఉంది. ఇక్కడ మా జూనియర్ డాక్టర్ ఒకరు, "పాత డెంగీ ఉంది కాబట్టి ఈ 12.7 కన్నా ఎక్కువ చెప్పాలేమో" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ప్రాంతాల్లో డెంగీ దశాబ్దాలుగా తిరుగుతోంది. అక్కడి గర్భిణుల్లో డెంగీ చూడనివాళ్లే అరుదు. పాత డెంగీ మంచి చేసినా చెడు చేసినా ఆ ప్రభావం ఆ 12.7లో ఇప్పటికే కలిసి ఉంది. దాని మీద మళ్లీ భయాన్ని కలిపితే ఒకే అప్పును రెండుసార్లు లెక్కవేసినట్టు. ఇలాంటి తల్లులతో మాట్లాడే ఏ డాక్టరైనా ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలని కోరుకుంటాను. జికా కుదిపేసిన ప్రాంతాలన్నీ దాదాపు డెంగీ ప్రాంతాలే. మన దగ్గరున్న అంకెల్లో చాలావరకు ఆమె లాంటి తల్లుల నుంచి వచ్చినవే.

ఆ జూనియరే ఇంకో రోజు ఆమె 1:640ను నికరాగ్వా అంకెలతో పోల్చి, "ప్రమాదపు మధ్య గీత దాటే ఉంది, మంచిదే కదా" అన్నారు. అదీ కుదరదు. ఆ 1:21 నుంచి 1:80 లెక్క డెంగీ తర్వాత డెంగీ గురించి, పిల్లల్లో, వేరే పరీక్షతో కొలిచినది. దాన్ని తెచ్చి జికా సోకిన గర్భిణికి తగిలించి ధైర్యం చెప్పడం తప్పే, భయపెట్టడమూ తప్పే.

భర్త అడిగింది వేరు. రెండేళ్ల క్రితం ఇద్దరికీ చికున్‌గున్యా వచ్చింది, దాని సంగతేమిటని. చికున్‌గున్యాను మోసేదీ ఇదే ఈడిస్ దోమ గానీ అది ఆల్ఫావైరస్, వేరే కుటుంబం. జికా, డెంగీ యాంటీబాడీలతో దానికి ఈ గొడవ లేదు.

నెలల కొద్దీ కొలతలు

చికిత్స గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ లాంటివి ముట్టుకోలేదు. గర్భం ముగిసేదాకా కండోమ్ తప్పనిసరి అని భర్తకు ఒంటరిగా చెప్పాను, ఎందుకంటే జికా వీర్యంలో నెలల తరబడి ఉండగలదు. పగటి దోమ కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదని, డీట్ ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు గర్భంలోనూ వాడవచ్చని చెప్పాను.

ఉమ్మనీటి పరీక్ష గురించి రెండుసార్లు కూర్చుని మాట్లాడుకున్నాం. పాజిటివ్ వస్తే వైరస్ పిండం దాకా వెళ్లిందని తెలుస్తుంది, మెదడు దెబ్బతిన్నదీ లేనిదీ తెలియదు. నెగెటివ్ వస్తే వైరస్ వచ్చి పోయి ఉండవచ్చు. ఆమె వద్దంది. ఆ నిర్ణయం నాకు సబబుగానే తోచింది. నాలుగు వారాలకోసారి స్కాన్ చేస్తూ పోయాం.

20వ వారంలో అంతా బాగుంది. 24లో తల చుట్టుకొలత సగటుకు 0.8 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం, సగటు నుంచి ఎంత దూరమో చెప్పే కొలమానం) దిగువన. 28లో 1.6 దిగువకు పడింది. ఆ నాలుగు వారాలు మా అందరికీ కష్టంగా గడిచాయి. చిన్న తల అనడానికి గీత 2 ఎస్‌డీ దిగువన, తీవ్రమైనదానికి 3. ఇంకా గీత దాటలేదు, కానీ దిశ బాగాలేదు. మెదడులో ఏముందో ఓపికగా వెతికాం. పార్శ్వ జఠరికలు, అంటే మెదడు లోపలి నీటి గదులు, 7 మిల్లీమీటర్లు, 10 లోపే. సున్నపు మచ్చలు లేవు. జికాలో అవి ఎక్కువగా మెదడు పొరకూ దాని కింది తెల్ల పదార్థానికీ మధ్య గట్టున వస్తాయి కాబట్టి అక్కడే ఎక్కువసేపు చూశాం. చిన్నమెదడు కొలత సరిపోయింది. పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక కూడా కాస్త చిన్నవే. తల్లీ పొట్టి మనిషే. 32లో 1.5, 36లో 1.4. గీత నిలబడింది. ఆ స్కాన్ గదిలో ఆమె మొదటిసారి నన్ను అంకె అడగలేదు. నా ముఖం చూసింది, చాలనుకుంది.

38 వారాల 4 రోజులకు మామూలు కాన్పు. ఆడబిడ్డ, 2.74 కిలోలు, తల 32 సెంటీమీటర్లు. బిడ్డ రక్తం, మూత్రం జికా పీసీఆర్ నెగెటివ్, ఐజీఎం నెగెటివ్. తల స్కాన్, రెటీనా పరీక్ష, ఏబీఆర్ వినికిడి పరీక్ష అన్నీ బాగున్నాయి. మొదటి గంటలోనే పాలు పట్టించాం, జికా భయంతో తల్లిపాలు ఆపాల్సిన పనే లేదు.

మాయను పరీక్షకు పంపాను. వైరస్ దొరకలేదు. కానీ హాఫ్‌బాయర్ కణాలు మామూలు కన్నా కాస్త ఎక్కువగా ఉన్నాయని పాథాలజిస్ట్ రాశారు. వైరస్ మాయ గడప దాకా వచ్చి ఆగిందా? ఆపింది పాత డెంగీ టీ కణాలా? లేక యాంటీబాడీలు దాన్ని గడప దాకా మోసుకొచ్చాయా? జికా సోకిన తల్లుల బిడ్డల్లో ఎక్కువమంది ఎలాగూ ఆరోగ్యంగానే పుడతారు కాబట్టి, ఈ ఒక్క బిడ్డను చూపించి డెంగీ కాపాడిందని రాయడం నిజాయితీ కాదు. నేను రాయను.

కాన్పు తర్వాత మిగిలిన పని

బొడ్డుతాడు రక్తంలో డెంగీ ఐజీజీ తల్లి రక్తంలో కన్నా ఎక్కువ ఉంది. అది మామూలే. మాయ ఐజీజీని గ్రాహకాలతో పట్టి పిండానికి అందిస్తుంది. ఆ రవాణా మూడో నెల చివర కొద్దికొద్దిగా మొదలై చివరి మూడు నెలల్లో ఉద్ధృతంగా సాగుతుంది. అంటే జికా వచ్చిన నాటికి పిండంలోకి దాటిన డెంగీ యాంటీబాడీ అత్యల్పం. పుట్టేనాటికి మాత్రం బిడ్డ ఒళ్లంతా అదే. ఆ యాంటీబాడీ నెలనెలా కరుగుతుంది. మొదట కాపాడేంత ఉంటుంది, తర్వాత కాపాడలేనంతకు పడిపోయి, ఆరేడు నెలల ప్రాంతంలో హాల్‌స్టెడ్ చూసిన ఆ చెడ్డ మధ్య స్థాయికి చేరవచ్చు. జికా తప్పిందన్న సంతోషంలో ఈ రెండో ముప్పును ఎవరూ తలవరు. బిడ్డ డిశ్చార్జ్ కార్డు మీద నా చేత్తో రాశాను: తల్లికి డెంగీ, జికా రెండూ వచ్చాయి, మొదటి ఏడాదిలో జ్వరం వస్తే మొదటి రోజే చూపించాలి, ఎన్ఎస్1 చేయాలి.

తల్లికీ ఒక మాట చెప్పాను. జికా వచ్చి తగ్గినవాళ్లకి తర్వాత డెంగీ, ముఖ్యంగా టైప్ 2, జబ్బుగా బయటపడే అవకాశం ఎక్కువని 2020లో అదే నికరాగ్వా పిల్లల్లో తేలింది. ఆమెకు డెంగీ ముందే వచ్చింది కాబట్టి ఆ లెక్క ఆమెకు ఎంత వర్తిస్తుందో గీసి చెప్పలేను గానీ, దోమ విషయంలో మాత్రం ఇద్దరూ జాగ్రత్తగా ఉండాలన్నాను.

మా వార్డులో ఒక పద్ధతి మార్చాం. దద్దుర్లతో జ్వరం వచ్చిన ఏ గర్భిణికైనా, డెంగీ కిట్ ఏం చూపించినా, మొదటి రోజే సీరం, మూత్రం రెండూ పీసీఆర్‌కి వెళ్తాయి. "డెంగీ ఐజీజీ పాజిటివ్" అన్న కాగితం వస్తే, పక్కన "పాత ఫ్లేవీవైరస్ ఉంది, ఇప్పటిది తేల్చాలి" అని రాస్తున్నాం.

బిడ్డకు ఏడో నెలలో జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి ఆమె ఆ కార్డు పట్టుకుని వచ్చింది. ఎన్ఎస్1 నెగెటివ్, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. రెండు రోజులు గమనిస్తూ ఉంచుకున్నాం. జలుబే అని తేలింది. ఇప్పుడు పాపకు ఏడాదిన్నర. తల చుట్టుకొలత అదే గీత వెంట, సగటుకు 1 ఎస్‌డీ దిగువన నడుస్తోంది. పదమూడో నెలలో నడిచింది. అయిదారు మాటలు స్పష్టంగా అంటోంది. వినికిడి పరీక్ష మళ్లీ చేశాం, బాగుంది. రెండేళ్లు నిండినప్పుడు ఎదుగుదల పరీక్ష ఉంది, తేదీ ఇచ్చాను.